తోపుతో పనిచేసే బ్రేకు: అరుగుదల, మరమ్మతు

ధాన్యం బస్తాలు నిండిన ఎడ్లబండి వాగులోకి దిగే దృశ్యాన్ని మనలో చాలామంది చిన్ననాట చూసే ఉంటారు. ఎగువకు పోయేటప్పుడు ఎద్దులు బండిని లాగుతాయి. దిగువకు వచ్చేటప్పుడు బండే ఎద్దులను తోస్తుంది. నొగ ముందుకు జరుగుతుంది, కాడి మెడల మీదినుండి కొమ్ములవైపు పోతుంది, ఎద్దులు వెనుకకు మొగ్గి గిట్టలు నేలకు తన్నిపట్టి నిలదొక్కుకొంటాయి. అనుభవజ్ఞుడైన బండివాడు అక్కడ బండి దిగి, పగ్గాలు బిగించి, ఎద్దులను అదిలిస్తూ మెల్లగా నడిపిస్తాడు. లాగబడే వస్తువు సమయం వస్తే తనను లాగేదానినే తోయగలదన్న సత్యాన్ని అతనికి ఏ పాఠశాలా బోధించలేదు.

ఎద్దుల స్థానంలో ట్రాక్టరు వచ్చింది. బండి స్థానంలో ట్రాలీ వచ్చింది. తోపు మాత్రం ఎక్కడికీ పోలేదు.

కొన్నేళ్ళ క్రితం మా పరిసర గ్రామాలలో ఒకదానిలో, కంకర నింపిన ట్రాలీతో ఒక ట్రాక్టరు చెరువు కట్ట దిగుతున్నది. ఎదురుగా మేకల మంద రావడంతో నడిపే వ్యక్తి బ్రేకు తొక్కాడు. ట్రాక్టరు ఆగబోయింది, ట్రాలీ ఆగలేదు. అది హుక్కు దగ్గర ఏటవాలుగా తోసి ట్రాక్టరును దారికి అడ్డంగా తిప్పివేసింది. మడ్‌గార్డుపై కూర్చొని వస్తున్న యువకుడు క్రింద పడి ఒక కాలు కోల్పోయాడు. అతడు మా దగ్గర ఇంటర్మీడియట్ చదివినవాడు. హుక్కు పిన్ను అరిగిపోయిందనీ, మార్చవలసిందనీ ఒక మిస్త్రీ నెలరోజుల ముందే చెప్పాడట. “ఈ సీజను గడవనీయండి” అన్నది యజమాని ఇచ్చిన సమాధానమట.

నేను ఆసుపత్రిలో పలకరించడానికి వెళ్ళినప్పుడు ఆ అబ్బాయి తన కాలి సంగతి ఎత్తలేదు. “సార్, ముందు బండికి బ్రేకు ఉంది గదా, వెనుక ట్రాలీకి ఎందుకు ఉండదు?” అని అడిగాడు. తెలుగు బోధించే నాకు ఆ ప్రశ్నకు సమాధానం తెలియలేదు. భౌతికశాస్త్ర శాఖలోని మిత్రులను అడిగాను. ఆ పిమ్మట మార్కెట్ రోడ్డులోని షెడ్లలో నూనె చేతులతో పనిచేసే ఉస్తాదులను అడిగాను. అలా వెదుకుతూ పోగా, లాగే వాహనంతో ఏ గొట్టమూ, ఏ తీగా కలుపకుండానే తనంత తాను పనిచేసే ఒక బ్రేకు, పడవలను మోసే ట్రైలర్లలో ఉన్నదని తెలిసింది. దాని స్వరూపాన్నీ, అది అరిగే తీరునూ, మరమ్మతు చేసే పద్ధతినీ విద్యార్థుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తోపు ఎంత?

చలనంలో ఉన్న వస్తువు బాహ్యబలం అడ్డగించేదాకా చలిస్తూనే ఉంటుందని న్యూటన్ 1687లో ప్రకటించిన తన గ్రంథంలో సూత్రీకరించాడు. దీనిని మన బండికి అన్వయించి చూద్దాం. 2,000 కిలోల ట్రైలరు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో, అనగా సెకనుకు 10 మీటర్ల వేగంతో పోతున్నదనుకొందాం. దానిని 20 మీటర్లలో ఆపాలంటే 5,000 న్యూటన్ల బలం కావాలి. ట్రైలరుకు సొంత బ్రేకు లేనప్పుడు ఈ భారమంతా ముందు వాహనం మోయవలసిందే. ఇంచుమించు 500 కిలోల బరువును దాని వీపున ఆనించి నెట్టినట్లు లెక్క. అదే ట్రైలరు గతిజశక్తి 1,00,000 జౌళ్ళు. వేగం రెట్టింపై గంటకు 72 కిలోమీటర్లైతే ఆ శక్తి రెట్టింపు కాదు, నాలుగింతలై 4,00,000 జౌళ్ళకు చేరుతుంది. ఈ శక్తి నశించదు. బ్రేకు డ్రమ్ములో వేడిగా మారాలి, లేదా ఢీకొన్నచోట విధ్వంసంగా మారాలి.

బ్రేకు నిర్మాణం

ఈ బ్రేకును ఆంగ్లంలో సర్జ్ బ్రేకు అంటారు. మనం తోపుడు బ్రేకు అనుకొంటే అర్థం తేటపడుతుంది. ట్రైలరు ముందు భాగాన ఒకదానిలో ఒకటి జారే రెండు ఉక్కు భాగాలు ఉంటాయి. ఒకటి ట్రైలరు చట్రానికి బిగించి ఉంటుంది. రెండవదాని చివర, లాగే వాహనపు ఇనుప గుండును పట్టుకొనే గిన్నె వంటి కప్పు ఉంటుంది. వాహనం లాగుతున్నంతసేపు ఈ రెండూ సాగి ఉంటాయి. వాహనం వేగం తగ్గగానే ట్రైలరు ముందుకు తోసుకొస్తుంది, రెండు భాగాలూ ఒకదానిలోకి ఒకటి కొద్దిగా జొరబడతాయి. ఆ కదలిక ఒక చిన్న కడ్డీని నెడుతుంది. కడ్డీ మాస్టర్ సిలిండర్‌లోని పిస్టనును నెడుతుంది. పీడనం బ్రేకు ద్రవం ద్వారా గొట్టాలలో ప్రసరించి చక్రాల దగ్గరి షూలను డ్రమ్ములకు ఒత్తుతుంది. ద్రవంలో పీడనం అన్ని దిశలకూ సమానంగా వ్యాపిస్తుందన్న పాస్కల్ సూత్రమే ఇక్కడ పనిచేసేది. అమెరికాలో ఈ ద్రవపద్ధతి ప్రాచుర్యంలో ఉండగా, ఐరోపాలో కడ్డీలతో, ఉక్కు తీగలతో పనిచేసే పద్ధతి ఎక్కువ.

ఇందులోని చమత్కారం ఏమంటే, ఈ బ్రేకు తనను తానే సరిదిద్దుకొంటుంది. ట్రైలరు ఎక్కువగా తోస్తే బ్రేకు ఎక్కువగా పడుతుంది. బ్రేకు పడి ట్రైలరు నెమ్మదించగానే తోపు తగ్గుతుంది, బ్రేకు సడలుతుంది. నడిపేవాడు వేరుగా తలచుకోనక్కరలేదు.

పడవ ట్రైలర్లకే ఇది ఎక్కువగా వాడటానికి కారణం నీరు. పడవను దించడానికి ట్రైలరును చక్రాలదాకా నీటిలోకి నెట్టాలి. విద్యుత్తుతో పనిచేసే బ్రేకులకూ నీటికీ పొసగదు. తోపుడు బ్రేకుకు విద్యుత్తు అవసరం లేదు. 2022 జూలైలో గోదావరి ఉప్పొంగి మంథని, మంచిర్యాల ప్రాంతాలు జలమయమైనప్పుడు పడవ విలువ ఏమిటో మనకు తెలిసివచ్చింది. భద్రాచలం వద్ద ఆ నెల 16న నీటిమట్టం 71 అడుగులు దాటింది. అటువంటి వేళ పడవ ఎంత ముఖ్యమో, దానిని ఒడ్డుదాకా క్షేమంగా చేర్చే బండీ అంతే ముఖ్యం.

అరుగుదల ఎక్కడ?

ఏ యంత్రమైనా పనిచేసే చోటనే అరుగుతుంది. ఈ బ్రేకు పని అంతా కదలిక మీద ఆధారపడింది కనుక కదిలే ప్రతి భాగమూ అరుగుదలకు గురికావలసిందే.

మొదటిది, జారే భాగాల మధ్యనుండే బుష్షులు, అరుగుడు పలకలు, పిన్నులు. ఇవి అరిగితే వాహనం కదిలినప్పుడూ ఆగినప్పుడూ ఠంగుమని చప్పుడు వస్తుంది. దీనిని చాలామంది పట్టించుకోరు. కాని ఆ చప్పుడు సామాన్యమైనది కాదు. ఎక్కడైతే కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ ఏర్పడిందో, అక్కడ వేల కిలోల బరువు ప్రతి కుదుపుకూ సుత్తిలా కొడుతున్నదని దాని అర్థం. దెబ్బ తగిలినకొద్దీ ఖాళీ పెరుగుతుంది, ఖాళీ పెరిగినకొద్దీ దెబ్బ బలపడుతుంది.

రెండవది, తోపును మెత్తబరచే డాంపరు. ఇది పాడైతే గతుకుల రోడ్డుమీద ప్రతి ఊగుకూ బ్రేకు పడుతూ లేస్తూ ఉంటుంది.

మూడవది, మాస్టర్ సిలిండర్‌లోని రబ్బరు వాషర్లు. ఇవి గట్టిపడినా, చిరిగినా ద్రవం కారిపోయి తోపు వృథా అవుతుంది.

నాలుగవది, చక్రాల దగ్గరి లైనర్లు, స్ప్రింగులు, బేరింగులు. పడవ ట్రైలరులో వీటికి ఒక ప్రత్యేక శత్రువు ఉంది. దూరప్రయాణం చేసి వచ్చిన హబ్బు వేడిగా ఉంటుంది. దానిని వెంటనే చల్లని నీటిలో ముంచితే లోపలి గాలి సంకోచించి, ఆయిల్ సీలు అంచునుండి నీటిని లోనికి పీల్చుకొంటుంది. వాయువు ఉష్ణోగ్రత తగ్గితే పీడనం తగ్గుతుందని ప్రయోగశాలలో చదివిన పాఠమే ఇక్కడ బేరింగును తుప్పు పట్టిస్తుంది. అందుచేత నీటిలోకి దించే ముందు హబ్బులను చల్లారనీయాలి. ఉప్పునీటిలో ముంచిన ట్రైలరునైతే బయటికి తీయగానే మంచినీటితో కడగాలి.

మరమ్మతు క్రమం

మరమ్మతు అన్న మాట ఉర్దూ నుండి మన భాషలోకి వచ్చి ఇంటిపేరు మార్చుకోకుండానే బంధువైన మాట. మిస్త్రీ అన్నది పోర్చుగీసు భాషలో గురువును తెలిపే పదం నుండి వచ్చినది. పనిముట్ల ప్రపంచంలో భాషాభేదాలు లేవనడానికి ఇవి నిదర్శనాలు. ఇక క్రమాన్ని పరిశీలిద్దాం.

పని ప్రారంభించే ముందు ట్రైలరును సమతలమైన గట్టి నేలపై నిలిపి, వాహనం నుండి విడదీసి, ఎత్తని చక్రానికి ముందూ వెనుకా దిమ్మలు పెట్టాలి. జాకీ ఎత్తడానికే తప్ప మోయడానికి కాదు. ఎత్తిన పిదప ఇనుప స్టాండులపై ఆనించిన తరువాతనే చేయి లోపల పెట్టాలి.

పిదప డాంపరు పరీక్ష. కప్పును బలంగా లోనికి నెట్టి వదలాలి. అది నెమ్మదిగా, ఒకే తీరున వెనుకకు రావాలి. ఒక్క ఉదుటున ఎగిరి వస్తే డాంపరు చెడిపోయిందనీ, లోపలనే ఉండిపోతే తుప్పు పట్టి బిగిసిందనీ గ్రహించాలి.

తరువాత పిన్నులనూ బుష్షులనూ విప్పి, కిరోసిన్‌తో కడిగి, కొలవాలి. కంటితో చూసి “ఇంకా నడుస్తుంది” అనరాదు. మన ప్రయోగశాలలోని వెర్నియర్ కాలిపర్స్ అసలు ప్రయోజనం ఇటువంటి చోటనే తెలుస్తుంది. ఉదాహరణకు 25 మిల్లీమీటర్ల పిన్ను అరిగి 20 మిల్లీమీటర్లు అయిందనుకొందాం. పోయింది ఐదోవంతు వ్యాసమే కదా అనిపిస్తుంది. కాని బలం అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది, వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి ఉంటుంది. 20ని 25తో భాగించి వర్గం చేస్తే 0.64. అనగా పిన్ను బలంలో ఇంచుమించు 36 శాతం పోయింది! కంటికి ఐదోవంతుగా కనిపించిన నష్టం నిజానికి మూడోవంతును మించింది.

అరిగిన పిన్నుపై వెల్డింగ్ పోసి సానపట్టడం మన ప్రాంతంలో తరచు చూసే పద్ధతి. ఇది అనుచితం. ఇటువంటి పిన్నులు ఉక్కును కాచి, చల్లార్చి, గట్టిదనం తెప్పించినవి. వెల్డింగ్ వేడికి ఆ గుణం దెబ్బతింటుంది. పైకి కొత్తదానివలె మెరిసినా లోపల పెళుసుబారి హఠాత్తుగా విరగవచ్చు. దాని స్థానంలో బజారులో దొరికే సాధారణ బోల్టు దోపడం ఇంకా ప్రమాదకరం. తయారీదారు చెప్పిన కొలతా, గట్టిదనమూ గల పిన్నునే వేయాలి. బుష్షు అరిగితే కొత్త బుష్షు వేయవచ్చు. కాని రంధ్రమే కోడిగుడ్డు ఆకారానికి సాగిపోయినా, చట్రంపై పగుళ్ళు కనిపించినా ఆ మొత్తం భాగాన్ని మార్చవలసిందే. గుండును పట్టే కప్పు సాగిపోయినప్పుడూ ఇదే నియమం.

మాస్టర్ సిలిండర్‌ను విప్పినప్పుడు లోపలి గోడపై గుంటలు కనిపిస్తే దానిని పారవేయాలి. గోడ నునుపుగా ఉంటే రబ్బరు వాషర్ల సెట్టు మారిస్తే సరిపోతుంది. ఈ వాషర్లను పెట్రోలుతో గాని, డీజిలుతో గాని కడగరాదు. అవి రబ్బరును ఉబ్బించి పాడుచేస్తాయి. కొత్త బ్రేకు ద్రవంతోనే తడిపి అమర్చాలి. డాట్ 3, డాట్ 4 రకాల బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకొనే స్వభావం కలది. కొత్త డాట్ 3 ద్రవం కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగరాదని ప్రమాణం. తేమ చేరిన తరువాత ఆ ప్రమాణం 140 డిగ్రీలకు పడిపోతుంది. దిగుడు రోడ్డులో డ్రమ్ములు వేడెక్కినప్పుడు ద్రవం మరిగి ఆవిరి బుడగలు ఏర్పడితే, ఆవిరి నలుగుతుందే తప్ప పీడనాన్ని చేరవేయదు. మూత తెరిచి ఉంచిన పాత డబ్బాలోని ద్రవాన్ని పొదుపు పేరిట వాడరాదనడానికి కారణం ఇదే. డాట్ 5 సిలికాన్ జాతికి చెందినది కనుక దానిని వీటితో కలపరాదు.

లైనర్లు తయారీదారు నిర్ణయించిన మందం కన్న తగ్గినా, రివెట్ల తలలు పైకి తేలబోతున్నా రెండు వైపులా ఒకేసారి మార్చాలి. ఒక్క వైపే మారిస్తే ట్రైలరు పక్కకు లాగుతుంది. డ్రమ్ములోని పొడిని నోటితో గాని, గాలిగొట్టంతో గాని ఊదరాదు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ అనబడే రాతినార ఉండవచ్చు. అది ఊపిరితిత్తులకు చేటు. బొగ్గు ధూళి చేసే కీడు తెలిసిన మన ఊరికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. తడిగుడ్డతో తుడవడమే మేలు.

అన్నీ బిగించిన తరువాత గొట్టాలలోని గాలి తీయాలి. సాధారణంగా మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెడతారు. ఒకరు కడ్డీని నెడుతుండగా మరొకరు చక్రం దగ్గరి చిన్న స్క్రూను తెరిచి మూస్తూ, బుడగలు లేని ద్రవం వచ్చేదాకా కొనసాగించాలి. చివరకు నిర్జన ప్రదేశంలో నెమ్మదిగా నడిపి, పలుమార్లు ఆపి, హబ్బుల వేడిని పోల్చాలి. చేయి ఆనించకుండా దగ్గరగా పెట్టినా తేడా తెలుస్తుంది. రెండు వైపులా సమానంగా ఉంటే సరి. ఒకటి చల్లగా, ఒకటి సెగలు కక్కుతూ ఉంటే పని పూర్తి కాలేదన్నమాట.

ఈ బ్రేకు పరిమితులనూ మరువరాదు. వెనుకకు నడిపేటప్పుడు వాహనం ట్రైలరును నెడుతుంది కనుక బ్రేకు తానే పడబోతుంది. దానిని నివారించే ఏర్పాటు పనిచేస్తున్నదో లేదో చూసుకోవాలి. దీర్ఘమైన దిగుడులో తోపు ఎడతెగక ఉంటుంది కనుక బ్రేకు కూడా ఎడతెగక రాపాడి వేడెక్కుతుంది. అక్కడ వాహనాన్ని తక్కువ గేరులో నడపాలి. హుక్కు ఊడిపోతే తోపే ఉండదు, కనుక బ్రేకూ ఉండదు. అందుకోసమే ట్రైలరు విడివడగానే బ్రేకును లాగి పట్టే అదనపు తీగ ఒకటి, గొలుసులు రెండు ఉంటాయి. ఇవి అలంకారాలు కావు.

గని నేర్పిన పాఠం

ఈ సూత్రం మన బొగ్గుగనుల ప్రాంతానికి కొత్త కాదు. ఇంక్లైన్ గనులలో ఉక్కు తాడు సాయంతో టబ్బులను పైకి లాగే విధానాన్ని మీ తండ్రులూ తాతలూ ఎరుగుదురు. పైకి వచ్చే టబ్బుల వరుసలో చివరి టబ్బుకు వెనుక ఒక ఇనుప కడ్డీని తగిలిస్తారు. దానిని డ్రాగ్ అంటారు. టబ్బు పైకి పోతున్నంతసేపు అది నేలమీద ఈడ్చుకుంటూ వస్తుంది. తాడు తెగి టబ్బు వెనుకకు జారబోతే, ఆ జారుడు బలమే కడ్డీ మొనను నేలలోకి దింపి టబ్బును నిలవేస్తుంది, లేదా పట్టాలు తప్పిస్తుంది. ఆపదను తెచ్చే కదలికే ఆపదను ఆపే సాధనం కావడం ఇక్కడా చూస్తున్నాం. 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలు ఇటువంటి రక్షణలను చట్టబద్ధం చేశాయి. వాటి స్థానంలో 2017లో కొత్త నిబంధనలు వచ్చాయి. తాళ్ళనూ, లింకులనూ, డ్రాగులనూ అర్హుడైన వ్యక్తి క్రమం తప్పక పరీక్షించి నమోదు చేయాలన్న ఆచారం గనిలో ఉన్నది. ఒక్కొక్క నిబంధన వెనుక ఎవరో ఒకరి ప్రాణం ఉన్నది.

అయితే గని లోపల లింకును పరీక్షించే మనమే, గని బయట ట్రాలీ పిన్నును పరీక్షించడం లేదు. గనిలో పుస్తకం ఉన్నది, సంతకం ఉన్నది, రోడ్డుమీద “ఈ సీజను గడవనీయండి” అన్న మాట ఉన్నది. తేడా అంతే.

ముగింపు

ఇంతకూ ఆ విద్యార్థి ప్రశ్నకు సమాధానం ఏమిటి? ట్రాలీకి బ్రేకు ఉండకూడదన్న నియమం ప్రకృతిలో ఎక్కడా లేదు. మన దగ్గర చాలా ట్రాలీలకు అది కనబడకపోవడం మనుషుల నిర్ణయమే. పడవ ట్రైలరు బ్రేకును తెచ్చి ట్రాలీకి యథాతథంగా అతికించమని నా భావం కాదు. కార్ల వంటి వాహనాల వెనుక వచ్చే ట్రైలర్లలో 3,500 కిలోల వరకే ఐరోపా నిబంధనలు ఈ రకాన్ని అనుమతిస్తాయి. నిండిన ట్రాలీ బరువు అంతకు మించిపోతుంది. దానికి ట్రాక్టరు నుండి గాలితో గాని, ద్రవంతో గాని పనిచేసే బ్రేకు కావాలి. ఆ బ్రేకు వచ్చేలోగా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. పిన్నును కొలిచి సకాలంలో మార్చడం, దిగుడుకు ముందే గేరు తగ్గించడం, మితిమీరి నింపకపోవడం, హుక్కు మీదా మడ్‌గార్డు మీదా ఎవరినీ కూర్చోనీయకపోవడం. వీటికి అయ్యే ఖర్చు స్వల్పం.

కళాశాల పాలకవర్గం వారికి ఒక విన్నపం. పాత ఇనుము దుకాణంలో దొరికే ఒక అరిగిన హుక్కు పిన్నునూ, దాని పక్కనే ఒక కొత్త పిన్నునూ భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఉంచితే, ప్రతి విద్యార్థీ ఒక్కసారైనా వెర్నియర్‌తో రెండింటినీ కొలిచి, బలం ఎంత తగ్గిందో తానే లెక్క కట్టగలడు. ఏడాదికి ఒక పూట ఎవరైనా అనుభవజ్ఞుడైన ఉస్తాదును పిలిపించి పిల్లలకు చూపిస్తే మరీ మంచిది.

ఆ అబ్బాయి ఇప్పుడు కృత్రిమపాదంతో నడుస్తున్నాడు. ఒక షెడ్డులో కూర్చొని చేసే పని నేర్చుకొంటున్నాడు. తన దగ్గరికి వచ్చే ప్రతి ట్రాలీ పిన్నునూ మొదట కొలిచి, ఆ తరువాతనే మాట్లాడతాడని అక్కడి ఉస్తాదు నాతో చెప్పాడు.